తలల లెక్క

ఎండాకాలం వచ్చిందంటే ప్రాణహిత ఒడ్డు మోటార్లు
ఒకదాని వెనక ఒకటి కాలిపోతాయి.
సిరొంచలో జాడి బక్కన్న షెడ్డు నిండా
నల్లబడ్డ కాయిళ్ళు, వార్నిషు కమురు.
ఆ కమురులోనే వాళ్ళ సారికకు
పన్నెండో తరగతి రసాయనం చెబుతాను,
ఆరింటి నుంచి కరెంటు పోయేదాకా.

పుస్తకం మరాఠీ. నోరు తెలుగు.
అక్కడ అణూ అంటే మన పరమాణువు.
మన అణువు వాళ్ళకు రేణూ.
పోయిన వారం ఈ ఒక్క మాట మీద కాలు జారి
ఆక్సిజన్ లెక్క సరిగ్గా సగమై కూర్చుంది.
"తప్పు నాదా మేడం, భాషలదా?"
ఎవరిదైనా, మార్కులు పోయేది నీవే అన్నాను.

ఇవాళ కాలిన కాయిల్లోంచి ఓ ముక్క తెంపి
బ్లేడుతో గీకింది,
లోపలి ఎరుపు బయటపడేదాకా.
కంసాలి తక్కెడ మీద
పన్నెండు పాయింట్ ఏడు ఒకటి గ్రాములు.

రాగిలో రెండు రకాలు, అరవై మూడూ అరవై ఐదూ.
పట్టికలో ఇద్దరిదీ ఒకే గది,
అందుకే సమస్థానీయాలు.
మోటారులోంచి తల ఎత్తకుండానే బక్కన్న:
"అరవై ఐదుయి ఏరి అమ్మితే
తూకం ఎక్కువొస్తదా?"
ఏరలేవన్నా.
నిప్పుకైనా కరెంటుకైనా రెండూ ఒక్క తీరే.
"గట్లైతే నాకెందుకు" అని మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాడు.

సారిక తొందరపడింది.
గ్రాముల్లోంచే నూటికి ముప్పై పాయింట్ ఎనిమిది ఐదు తీసి
అరవై ఐదుతో భాగించబోయింది.
ఆగు.
అది తూకంలో వాటా కాదు, తలల లెక్క.
ముందు అందరినీ లెక్కపెట్టు,
ఎవరు ఎందరన్నది తర్వాత.

అరవై మూడు పాయింట్ ఐదు ఐదుతో భాగిస్తే
మోల్‌లో అయిదో వంతు.
"ఈ ఐదు ఐదు ఎవరి బరువు మేడం?"
ఎవరిదీ కాదు. సగటు.
భూమ్మీది రాగంతా వెతికినా
సరిగ్గా అంత బరువున్న పరమాణువు
ఒక్కటీ దొరకదు.
పెన్ను మూత కొరుకుతూ కాసేపు కూర్చుంది.
"మొన్న సర్వేకొచ్చినాయన
ఇంట్ల మాట్లాడే భాష ఒక్కటే చెప్పుమన్నడు.
మా నాయనమ్మ గోండి గూడ మాట్లాడుతది."
నేను జవాబు చెప్పలేదు. ఆ లెక్క నాకు రాదు.

ఒకటి పాయింట్ రెండు సున్నా, పది ఘాతం ఇరవై మూడు.
అందులో అరవై ఐదులు
మూడు పాయింట్ ఏడు రెండు, పది ఘాతం ఇరవై రెండు.
ఘాతం నచ్చలేదు తనకు.
కోటిని కోటితో, మళ్ళీ కోటితో గుణించి
దానికి ముప్పై ఏడు రెట్లు అని
వేళ్ళు మడుస్తూ తెలుగులో అనుకుని
మరాఠీలో రాసింది.

మళ్ళీ తూచి చూద్దామంటే
పన్నెండు పాయింట్ ఏడు సున్నా.
గీకిన చోట రజను రాలినట్టుంది.
గ్రాములో నూరో వంతు.
అందులో మాత్రం ఎన్ని అరవై ఐదులని
అట్టముక్క మీద గబగబా వేసింది,
దాదాపు మూడు, పక్కన పంతొమ్మిది సున్నాలు.

అప్పటికే బక్కన్న షెడ్డు కట్టేయడానికి
చీపురు పట్టుకుని వస్తున్నాడు.
"జర ఆగు నాయినా" అంటూ
నేల మీద మోకాళ్ళూని
రెండు అరచేతులూ అడ్డం పెట్టింది.