మినిట్స్ పుస్తకం

ఈ ఏడు కార్యదర్శి పని నా మీద పడింది.
ఎన్నికేమీ కాదు, పదకొండు మందిలో
భూతద్దం లేకుండా చదవగలిగేదాన్ని నేనొక్కదాన్నే.

బీరువా తాళంతో పాటు నాలుగు పుస్తకాలిచ్చి
"మొదటిది నీకర్థం కాదులే, నాకూ కాదు"
అన్నారు హుల్డా నోస్కె గారు.

జర్మన్. ముళ్లకంప లాంటి రాత.
అంకెలు మాత్రం అందరివీ.
1874. పద్నాలుగు కుటుంబాలు. ఒక గంట, సగం అప్పు.
పేజీ తిప్పితే పేర్ల పక్కన సిలువ గుర్తులు,
ఒక్క నెలలో తొమ్మిది.
వయసు గడిలో ఏళ్లు లేవు, వారాలున్నాయి.

1904. క్రీస్తు వెయ్యేళ్లు ఈ నేల మీద ఏలతాడా లేదా అని
తగువు పడి సగం సంఘం లేచిపోయింది.
రోడ్డుకటు ఇంకో గుడి, ఇంకో గంట,
రెండూ ఒకే నిమిషానికి,
దేవుడు ముందెవరికి పలుకుతాడో చూద్దామన్నట్టు.
ష్విర్ట్జ్ అన్నదమ్ములు కంచెకి చెరో పక్కా
అరవై కోతలు కోశారట, మాటల్లేకుండా.

యుద్ధంలో సర్కారు బడి మూసేసింది.
ఊరి పేరు పచ్చికబావి అని అర్థమట.
అది కొట్టేసి ఎవరో దొర పేరు పెట్టారు.
ఆ ఏటి పేజీలో ఒక్కటే వాక్యం, ఇంగ్లీషులో,
పలక పట్టిన పిల్లాడి రాతలా వంకరగా:
"ఇకనుంచి ఈ భాషలో రాస్తాము."
కింద పదిహేడు సంతకాలు.
అవి మాత్రం ముళ్లకంపలే.

రెండు సంఘాలూ కలిసిన ఏడు
ఏ గంట ఉంచాలో తేలక ఎనిమిది మీటింగులు.
చివరికి అటు గంట, ఇటు కప్పు.
అటు గుడి ఇప్పుడు ట్రాక్టర్ల షెడ్డు.

మూడు వారాలకోసారి వస్తారు పాస్టరు గారు,
నాలుగు ఊళ్లకి ఆయనొక్కరే, కారు నిండా ఎర్ర దుమ్ము.
పాట మొదలెడితే ఆ రాగం నాకొచ్చు.
రేపల్లె గుడిలో మా పెద్దమ్మ కళ్లు మూసుకుని పాడేది.
మా ఊరి రాగమే అనుకున్నాను ఇన్నాళ్లూ.

నిన్నటిది రాశాను:
హాజరు పదకొండు. కానుక నలభై రెండు డాలర్లు.
బల్ల మీద గుడ్డ ఉతకాలి. కప్పు కారుతోంది.
సంతకం దగ్గర పెన్ను కాస్త ఆగి
తెలుగులో నడిచింది.

హుల్డా గారు భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూశారు.
"ఇది చదివేవాళ్లెక్కడ దొరుకుతారు, తర్వాత?"

కప్పు సంగతి వచ్చే నెలకి వాయిదా.