రెండో తాళంచెవి

ఇనప్పెట్టెకి రెండు తాళాలు.
ఒక చెవి డాక్టర్ ఎల్స్‌పెత్ రాంకిన్ మెడలో,
ఒకటి నా జేబులో.
లోపల బుల్లి సీసాల్లో, అన్ని రకాలూ కలిపి అయిదు గ్రాములు.
ఆవగింజంత తగ్గినా
లండన్ నుంచి మనిషి దిగుతాడు.

ఆ అయిదు గ్రాముల అనుమతికి పంతొమ్మిది నెలలు పట్టింది.
మా గేటు దాటి, చేపల దుకాణం పక్క సందులో
కుర్రాళ్ళకి పట్టేది నాలుగు నిమిషాలు.
సభల్లో ఆమె ఈ లెక్కే చెబుతుంది.
నవ్వుతారు. అంతలో ఎవరో లేచి
"అయితే మా పిల్లలకి మీరే అమ్మిస్తారా?" అంటారు.
"ఇప్పుడెవరు అమ్ముతున్నారో మీకు తెలుసా?" అంటుంది.
ఇక నవ్వరు.

పేపర్లవాళ్ళు 'మత్తు మేడమ్' అని పేరు పెట్టారు.
ఆమె తాగేది చక్కెర లేని టీ. కప్పు కడిగేది నేనే.
మెదడు బొమ్మల ముందు కూర్చుని
ఎక్కడ వెలుగుతుందో, ఎక్కడ ఆరిపోతుందో
రెండూ రాస్తుంది.
రెండోది కాస్త తగ్గించి రాయమన్న సొంత పక్షం వాళ్ళని
ఫోన్లోనే కడిగేసింది.

ఫిబ్రవరిలో, టే నది మీంచి వాన అడ్డంగా కొడుతున్న రోజు
ఇసోబెల్ గెడ్డిస్ వచ్చింది.
బస్సు డిపో యూనిఫామ్ తడిసి ముద్దయింది.
సభలో లేచి తిట్టిన గొంతే. గుర్తుపట్టాను.
కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.
సంచిలోంచి పొట్లం తీసి విప్పింది.
నీలం మాత్ర. సగం.

"మిగతా సగం మావాడు మింగాడు. కాలన్.
మీరు చెప్పేది నాకు నచ్చదు. ఎప్పటికీ నచ్చదు.
ఇందులో ఏముందో మాత్రం చెప్పండి."

ఆ పొట్లం ముట్టుకుంటే మా లైసెన్సు పోతుంది.
రిజిస్టర్లో దానికి గడి లేదు.
పోల్చి చూడాలంటే పెట్టె తెరవాలి.
అంత మాటకారి, ఎల్స్‌పెత్ నోరు మెదపలేదు.
ఇసోబెల్ బూట్ల నీళ్ళు
నా కాళ్ళ దాకా పాకాయి.

తర్వాత మెడలో తాడు తీసి
తన తాళంచెవి బల్ల మీద పెట్టింది.
నా వైపు చూడలేదు,
చూస్తే అడిగినట్టవుతుందని కాబోలు.

నాకిద్దరు పిల్లలు.
ఇంటి అప్పు ఇంకా పదకొండేళ్ళు.
పెద్దవాడు బడి నుంచి
ఆ సందులోంచే నడిచొస్తాడు.

జేబులో చెయ్యి పెట్టాను.
చెవి వెచ్చగా తగిలింది,
పొద్దుట్నుంచీ నా ఒంటికే ఆని ఉంది మరి.