తుమ్మిన పిల్లి

పామిడి బస్టాండులో దిగి
పెన్న వైపు నడిస్తే ఇసుకే, నీళ్ళు లేవు.
కుళ్ళాయమ్మవ్వ ఇల్లు అడిగితే
"పరుపులోళ్ళ కుళ్ళాయమ్మనా?" అన్నాడు
టీ కొట్టు మనిషి.
వాళ్ళు పరుపులు కుట్టడం మాని నలభై ఏండ్లు.
పేరు మానలేదు.

నా చేతిలో సగం వాడిన రూళ్ళ నోటుబుక్కు.
నిలువు గీత ఒకటి ముందే గీసుకున్నా:
నేను, మా నాయన సిద్ధయ్య,
ఆయన నాయన లాలప్ప,
ఆ పైన పక్కీరప్ప.
పక్కీరప్ప పక్కన ఒక ఖాళీ.
ఆ ఖాళీ కోసమే వచ్చినా.

అంతకు ముందు వారం అనంతపురంలో
రికార్డు రూములో ఒక పగలంతా కూర్చున్నా.
పందొమ్మిదినూర్ల ముప్పై ఒకటి, జనాభా లెక్కలు.
తెరిస్తే చెదలు తిన్న దారులు
ఒక ఊరి మీదుగా ఇంకో ఊరికి పోయినాయి.
మా ఊరు ఒకే ఒక్క వరస:
ఇండ్లు ఎనభై ఎనిమిది,
మొగోళ్ళు రెండువందల పదకొండు,
ఆడోళ్ళు నూటా తొంభై ఆరు.
"పేర్లో?" అంటే
గుమాస్తా ఓబుళేసు కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.
"పేర్లుండవు మేడం. తలకాయలే."

ఆ నూటా తొంభై ఆరులో ఒకటి మా ముత్తవ్వ.
ఒకటంటే ఏ ఒకటి?
గింజ నుంచి దూది తీసినట్టు కాదు ఇది,
ఏకిన కుప్పలో
ఏ పోగు ఏ కాయదో చెప్పమన్నట్టు.

కుళ్ళాయమ్మ వరసకు అత్త, వయసుకు అవ్వ.
నోట్లో పండ్లు లేవు, మాటలకు కొదవ లేదు.
"ముప్పై ఒకటో ఏందో నాకు తెల్దు.
మా యమ్మ చెప్తాండె.
ఆ రాత్రి ఎవరూ గడప దాటగూడదని
తలారి దండోరా ఏసినాడంట.
తలుపు మీద ఎర్రమన్నుతో నంబరు రాసినారంట.
మనుషుల్ని లెక్కబెడితే తరిగిపోతారని
మీ ముత్తవ్వకు బయం.
అప్పటికే ఇద్దరు తరిగినారు ఆ ఇంట్లో.
చంటోణ్ణి దూది కుప్పలో దాచింది.
కరణం లాంతరెత్తి 'ఎంతమందే?' అంటే
'నలుగురం సామీ' అనె.
అప్పుడు కుప్ప తుమ్మింది.
'ఏందది?'
'పిల్లి సామీ.'
కరణమూ పిల్లల తండ్రే.
రాసుకొని పాయె."

ఆ పిల్లి మా తాత లాలప్ప.
అంటే పుస్తకంలో పదకొండు తప్పు. పన్నెండు.
అంటే మేమంతా
లెక్కకు రాని ఒకడి నుంచి లెక్కకొచ్చినోళ్ళం.

రెండువేల పదకొండులో నేనూ తిరిగినా,
స్కూలు నుంచి డ్యూటీ వేస్తే,
మెడలో కార్డు, చంకలో సంచి, గుత్తి రోడ్డు వెంబడి.
ఒకామె "ముగ్గురం" అంది.
దూలానికి కట్టిన చీర ఉయ్యాల ఊగుతానే ఉంది.
గట్టిగా అడిగి నాలుగు రాసుకున్నా.
బాధ్యత అనుకున్నా ఆ పొద్దు.
ఉయ్యాల మీద ఆమె చెయ్యి వేసిన తీరు
ఇప్పుడు గుర్తొస్తా ఉంది.

"పేరేంది అవ్వా, ఆమె పేరు?"
"హుస్సేనమ్మ."
లోపల్నుంచి ఆమె కొడుకు మౌలాలి: "కాదు, నాగమ్మ."
"పీర్ల పండగకు పుట్టిందిరా, హుస్సేనమ్మే."
"పుట్ట కాడ మొక్కుకుంటే పుట్టిందంట, నాగమ్మ."
వాదన పొయ్యి దాకా పోయింది, పాలు పొంగినాయి.
పక్కీరప్ప మాత్రం ఏ పేరుతోనూ పిలవలేదంట.
"ఇంద" అంటే ఆమె.
నేను రెండూ రాసినా, మధ్యలో గీత లేకుండా.

లేస్తాంటే అవ్వ చెయ్యి పట్టుకుంది.
"ఇంతకీ అందులో నన్ను రాసినావా?"
లాలప్ప అక్క కూతురు.
నా నిలువు గీతలో అక్కలకు చోటు లేదు.
"రాసినా" అని అబద్ధం చెప్పినా.

బస్సు గార్లదిన్నె దాటినాక
నోటుబుక్కు అట్ట వెనక రాయబోతే
కుదుపుకు
కుళ్ళాయమ్మ ఒత్తు జారి
ఎప్పటిదో పాల లెక్క మీద పడింది.