పేరులో గంధం

ఓలెసుండ్ రేవులో మార్చి నెల.
వాన కురవాలో మంచు కురవాలో తేలక
ఆకాశం రెండూ వదులుతోంది.
స్కార్వెన్ ఓడ ఇంజన్లు ఆపి పద్దెనిమిది గంటలు.
పొగగొట్టం మెడలో ఉన్న ఇనపగదికి
ఇరవై నాలుగు బోల్టులు.
ఇరవై మూడు మాట విన్నాయి.
చివరిది టొర్‌గున్ చేతి చర్మం
కొంచెం తీసుకుని గానీ రాలేదు.

లైటు ముందు, తల తర్వాత.
ఎదురుగా గోడంతా తేనెతుట్టె.
మట్టిరంగు ఇటుకలు, ఇటుక నిండా చదరపు కన్నాలు,
ఒక్కోటి అగ్గిపుల్ల దూరేంత.
పొగ ఇందులోంచి విషంగా వచ్చి
గాలిగా పోవాలి.
ఇటుక తాను కరగదు, అరగదు,
పెళ్లి కుదిర్చి పందిట్లోంచి తప్పుకునే
పెద్దమనిషి లాంటిదని
చదువుకునే రోజుల్లో చెప్పారు.

ఇప్పుడు కన్నాలు కళ్లు మూసుకున్నాయి.
వేలితో తడిమితే జిగురు,
తెల్లగా, కాస్త పసుపుగా,
ఎప్పటికీ ఆరని బంక.

"ఎన్ని?" కింద నుంచి హల్దోర్ గొంతు.
"సగం."
"నాలుగో వంతని రాద్దాం."
కాసేపు ఆగి,
"వద్దు. సగమనే రాయి."

గంధకం.
మా భాషలో దాని పేరు లోపల
గంధం ముడుచుకుని కూర్చుంది.
పేరు పెట్టినవాడు చందనం తీస్తూ పెట్టాడో
ముక్కు మూసుకుని పెట్టాడో.

నూనె కొన్నప్పుడు కాగితం మీద
దానికిచ్చిన చోటు వెయ్యిలో ఒక వంతు.
కాగితం కింద సంతకం, సంతకం మీద ముద్ర.
సీసాలో పట్టి పంపిన నమూనా
మూడు వారాలు ఆలస్యంగా
వేరే మాట చెప్పింది.
అప్పటికి ఆ నూనె
లోఫోటెన్ కొండల వెనక మబ్బుల్లో కలిసింది.

కానీ నేరమంతా నూనెది కాదు.
ఇటుకలో వెనేడియం ఉంది.
నైట్రోజన్ విషాన్ని విరిచే ఆ చేత్తోనే
గంధకపు పొగకూ
ఇంకొక్క ఆక్సిజన్ అందిస్తుంది.
అడిగినవాడికి లేదనడం రాని చెయ్యి.
ఆ పైన అమోనియా, ఆ పైన తడి,
ముగ్గురూ ఓ చల్లని మూల చూసుకుని
బంకై కూర్చుంటారు.
ఇంటిదొంగను ఈశ్వరుడు పట్టలేడంటాం.
ఇంటిదాతను ఎవరు పట్టాలి?

చల్లని మూల ఎక్కణ్ణుంచి వచ్చింది?
ఆఫీసు ఉత్తరంలోంచి.
నెమ్మదిగా నడపండి, నూనె ఆదా.
చలికాలమంతా నెమ్మదిగానే నడిపారు.
పొగ మూడొందల డిగ్రీలు దాటలేదు.
ఓడ నిమ్మళంగా పోతూనే ఉంది,
పైన ఒక్కో కన్నూ మూతపడుతూ.

హల్దోర్‌కి వాసన తెలియక పదకొండేళ్లు.
డాక్టరు కారణం చెప్పలేదు, అతను అడగలేదు.
ఆదివారాలు మారెన్ యాలకుల బన్నులు కాలుస్తుంటే
వంటింట్లోకొచ్చి,
కిటికీ అద్దానికి పట్టిన ఆవిరి చూసి,
"ఘుమఘుమలాడిపోతోంది" అంటాడు.
ఆమెకు తెలుసు.
ఇంకో బన్ను పళ్లెంలో పెడుతుంది.

మర్నాడు దీవులన్నీ వెనకబడ్డాక
టొర్‌గున్ అడిగింది, "ఎంత వేగం?"
"ఉన్నదంతా."
ఆఫీసు ఫోను రెండుసార్లు మోగింది.
చెవులు బాగానే ఉన్న మనిషి
వినిపించనట్టు టీ కలుపుకున్నాడు.
మూడొందల ముప్పై. యాభై. డెబ్బై.
అమోనియా కట్టేశారు.
ఇటుకల సందుల్లోంచి చలికాలం
ఆవిరై లేచింది.
గంటసేపు గొట్టం తెల్లగా, సిగ్గు విడిచి కక్కింది.
ఒత్తిడి ముల్లు దిగింది,
ఉండాల్సిన చోటికి మాత్రం కాదు.
కొన్ని కన్నాలు ఇక తెరుచుకోవు.
అదీ లాగు పుస్తకంలో రాసింది టొర్‌గున్,
కట్టు కట్టిన వేలితో.

డెక్కు మీదికొచ్చి కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుంది.
"ఎలా ఉంది?" అన్నాడు పక్కనే హల్దోర్.
"పెట్టెడు అగ్గిపుల్లలు
ఒక్కసారే గీసినట్టు."

అతను టోపీ తీసి, ముఖం పైకెత్తి,
నిండా ఒక ఊపిరి పీల్చాడు.
కళ్లు మూసుకుని
కాసేపు ఎదురుచూశాడు.