ముట్లుడిగిన ఏడు

బోగోలు పశువుల ఆస్పత్రిలో కాంపౌండర్ని.
పాతికేళ్ళుగా ఒంగోలు ఆవుల్లో
మోచేతి దాకా చెయ్యి పెట్టి
చూలు నిలిచిందో లేదో చెప్పేదాన్ని.

ఒక ఆవు పద్దెనిమిదో ఏట ఈనింది.
పళ్ళరిగి, గడ్డి నమల్లేక,
కాళ్ళు వణుకుతూ దూడని నాకింది.
తర్వాతి ఎండాకాలం చూడలేదు.
మేకా అంతే, గొర్రే అంతే.
కడుపూ ఊపిరీ దాదాపు ఒకేసారి అలిసిపోతాయి వాటికి.

నాకు మాత్రం
నలభైతొమ్మిదో ఏట, ముంజల కాలంలో
చెప్పాపెట్టకుండా ఉడిగింది.
గాలి ఉడిగింది అంటాం. వాన ఉడిగింది అంటాం.
దీనికీ అదే మాట.
అర్ధరాత్రి ఒంట్లోంచి ఆవిరి తన్నుకొచ్చి
జాకెట్టు తడిసి లేచి కూర్చుంటే
ఫ్యాను చప్పుడులో ఒకటే ప్రశ్న:
ఆవుకి లేని ఈ ముప్పయ్యేళ్ళు
నాకు దేనికి?

ఆ కార్తీకంలో జువ్వలదిన్నె రేవుకి ఉత్తరంగా
నల్ల తిమింగలం ఒకటి కొట్టుకొచ్చింది.
గుమ్మడికాయలాంటి తల. నవ్వినట్టున్న మూతి.
డాక్టరు మధుమతి కోసింది, నేను బకెట్టు పట్టుకున్నా.
అండాశయాన్ని అరచేతిలో పెట్టుకుని
"ఈ మచ్చలు చూడు" అంది.
విడిచిన గుడ్డు గుడ్డుకీ ఒక మచ్చ,
చచ్చేదాకా చెరగదట ఆ జాతికి,
పాలామె గోడ మీద బొగ్గు గీతల్లా.
లెక్కపెట్టాం. అన్నీ పాత బాకీలే.
కొత్త గీత ఒక్కటీ లేదు.
"ఎప్పుడో మానేసింది. మానేసీ ఏళ్ళకేళ్ళు ఈదింది.
ఇట్లా ఆగాక కూడా అంతకాలం బతికేది
నీళ్ళలో కొన్ని తిమింగలాలు,
నేల మీద దాదాపు మనమే."

ఎందుకు మేడం?

గ్లౌజులు లాగేస్తూ చెప్పింది:
"మనవలకి తిండి వెతికిపెట్టడానికని కొందరంటారు.
పెద్దదీ చిన్నదీ ఒకేసారి కంటే
కూడు చాలదని ఇంకొందరు.
తేలలేదు ఇంకా."
తేలలేదు, అంది,
ఒడ్డున పడ్డ దాని పక్కన నిలబడి.

మా అమ్మ నాంచారమ్మకి డెబ్భైనాలుగు.
పాటు వేళ ఉప్పుటేటి అడుసులో దిగి
బొటనవేలితో వెతుకుద్ది ఆలిచిప్పల్ని.
ఏ పెనుగాలికి ఏ గండి పూడిందో
మా తమ్ముడి పిల్లలకి తెలీదు,
ఆమె పాదాలకి తెలుసు.
వాళ్ళ సాయంత్రం కూర ఆమె గంపలోంచే.

డాక్టరు చెప్పింది చెప్పా.
నవ్వింది. తర్వాత నవ్వలా.

"నిన్ను కన్న ఏడే మీ అవ్వా నీళ్ళోసుకుందే.
అత్తా కోడలం ఒకే గదిలో బాలింతలం.
ఒకే దాకలో కారం, ఒకే కుండలో గంజి.
ఆమెకి పాలు పడలా.
నాకు పడిన పాలకి రెండు నోళ్ళు.
నీకిచ్చాక మిగిలితే వాడికి.
మిగల్లా."

మా చిన్నాయన.
నాకంటే పదకొండు రోజులు పెద్ద.
పేరు పెట్టేదాకా ఆగలేదు.
యాభయ్యేళ్ళు ఈ మాట ఎవరూ ఎత్తలేదు మా ఇంట్లో.

"ఆ మరుసటేడే మీ అవ్వకి ఉడిగింది.
'ఏడాది ముందు ఉడిగుండకూడదా' అని
పొయ్యి ముందు కూర్చుని తన పొట్టని తిట్టుకునేది.
నిన్ను మాత్రం చంక దించలా."

నేను తాగిన పాల రుచి
నాకు గుర్తులేదు. నోరంతా ఉప్పుగా ఉంది.

కాసేపటికి అడిగా:
నాకు పిల్లల్లేరు, మనవలు రారు.
మరి నాకెవరి కోసం ఉడిగినట్టు?

అమ్మ నడుం నిలిపి చూసింది.
"ఏమ్మే, ప్రతిదీ ఎవరికోసమో కావాలా?
గాలి ఉడిగితే వల బాగుచేసుకుంటాం.
బాగుచేసే వల లేకపోతే చుట్ట ముట్టిస్తాం.
దిగు. పాటు అయిపోద్ది."

చెప్పులు ఒడ్డున విడిచి దిగా.
అడుసు చల్లగా, పిక్కల దాకా.
రాత్రి ఆవిరంతా కాళ్ళలోంచి కిందికి జారింది.
బొటనవేలి కింద గట్టిగా ఏదో తగిలింది.

రాయేమో.