వాత

పామూరు బస్టాండు ఎదురు సందులో
మా మేనత్త దొర్కమ్మ ఇంటి గోడకి
ఒక తాళంచెవి వేలాడుతుంటుంది.
ఈ ఊళ్లో ఏ తలుపుకీ అది పట్టదు.

ఒమన్ కొండల్లోని ఒక రేకుల గదిదట.
"తిరిగొచ్చేటప్పుడు ఇవ్వడం మరిచిపోయాన్రా."
అబద్ధం. అత్త ఏదీ మరిచిపోదు.

ఆ దేశం కొత్తగా కళ్లు తెరుస్తున్న రోజులు.
ఈ లోయకొక ఆసుపత్రి, ఆ లోయకొక బడి
ముందు కాగితం మీద పుట్టి
తర్వాత ఇసకలో నడిచొచ్చేవి.
నెల్లూరు మిషనాసుపత్రిలో నేర్చిన పనిని
ఐసుపెట్టెలో సర్దుకుని
ఇరవైమూడేళ్ల అత్త గాడిదెక్కి పోయింది.
"నవ్వొద్దు, అప్పటికి జీపుదారి పడలే."

మొదటి వారం ఎవరూ రాలేదు.
గది ఊడవడం, మళ్లీ ఇసక, మళ్లీ ఊడవడం.
పక్కన గుడారంలో బడి:
ఈజిప్టు పంతులు, పదకొండుమంది మగపిల్లలు,
బయట గుడారం తాడు పట్టుకుని
లోపలి ఎక్కాలు నోట్లో నములుతూ
ఒక ఆడపిల్ల.

ఎనిమిదోనాడు ఒక తల్లి వచ్చింది.
చంకలో బిడ్డ, విరేచనాలకి పీక్కుపోయిన కళ్లు,
బొడ్డు చుట్టూ నాలుగు వాతలు
ఇంకా పచ్చిగా.

అత్తకి అప్పటికి అరబ్బీలో మూడే మాటలు వచ్చు:
నీళ్లు, నొప్పి, రేపు.
తిట్టడానికి ఒక్కటీ పనికిరాదు.

తలుపు దగ్గరగా వేసి
చీర కుచ్చిళ్లు కాస్త కిందికి జరిపి
తన పొట్ట చూపించింది.
పక్షిదోషమని వాళ్ల జేజి
కాల్చిన పసుపుకొమ్ముతో పెట్టినవి,
మూడు, గవ్వల్లాగా ముడుచుకుని.

ఆ తల్లి వేలితో తడిమింది.
అత్తవి లెక్కపెట్టింది, బిడ్డవి లెక్కపెట్టింది.
మొహం మీది ముసుగు కదిలింది,
నవ్వో ఏడుపో.
తర్వాత కూర్చుంది.
ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు
చెంచా వెనక చెంచా
తెల్లారేదాకా.

మర్నాడు ఏడుగురు వచ్చారు.

బడికి గోడలు కడుతున్న కందుకూరు మేస్త్రి ఒకడు
"వీళ్లకెందుకక్కా ఇయన్నీ,
పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు" అన్నాడట.
"వాతల సంగతి నాకు తెలుసులే అబ్బయా,
నువ్వు గోడ వంకర లేకుండా కట్టు."

గోడ లేచింది. తాడు పట్టుకున్న పిల్ల లోపలికెళ్లింది.
రెండేళ్లకి టీకాల పుస్తకంలో పేర్లు రాసేది,
కుడి నుంచి ఎడమకి.
అత్త ఎడమ నుంచి కుడికి తారీఖులు వేసేది.
ఒకే గీత మీద
ఇద్దరి కలాలూ ఎదురుపడేవి.

మొన్న అత్తని మా సబ్‌సెంటరుకి తీసుకెళ్లాను,
బీపీ చూపించడానికి.
తాళం.
నాలుగూళ్లకి ఒకే నర్సమ్మ, ఇయ్యాల ఆమె వంతు వేరే ఊరికి.
మెట్ల మీద గారపళ్ల పిల్లలు
ఇరవై లీటర్ల డబ్బాలతో నీళ్లబండి కోసం.
వాళ్లలో ఒకడి మోకాళ్లు
విల్లులాగా వంగున్నాయి.

అత్త పమిట కొంగు ముడి విప్పింది.
ఆ తాళంచెవి! ఎప్పుడు తెచ్చిందో.
పట్టదని తెలిసీ పెట్టి తిప్పింది.
తీసి తుడిచి మళ్లీ ముడేసుకుంది.

"అర్జీ రాయి" అంది, ఎండలోనే కూలబడి.
హైస్కూలు అయ్యవారిని, జేబులో ఎప్పుడూ పెన్నుంటుంది.
"ఏమని మొదలుపెట్టనత్తా?"

పిల్లాడి మోకాలి మీద చెయ్యేసి
కాసేపు ఆలోచించింది.
"నీళ్లు" అంది.
"రెండోది నువ్వే రాస్తావులే.
మూడోది మాత్రం రాయొద్దు."