చమురు మోసేవాడు

సొరంగం దాటితే పదకొండు ఇళ్లు.
మంచులో ముందు గొర్రెలు కనబడతాయి,
తర్వాతే కప్పుల మీది గడ్డి.
ఈ ఫారో దీవుల్లో నేను నర్సుని.
సంచిలో సూదులూ, పేర్లంటించిన గొట్టాలూ,
పక్కింటి మార్జున్ బలవంతాన పెట్టిన జామ్ సీసా.

రన్వా ఇంటికి రావడం ఇది మూడోసారి.
తలుపు తీయదు.
"నా రక్తం నాకుండనీ" అంది కిటికీలోంచి.

ఆమెకు చెప్పాల్సింది చాలా చిన్నది.
ప్రతి కణం గుమ్మంలో ఒక కూలీ ఉంటాడు.
కార్నిటిన్ అనే సరుకును లోపలికి మోస్తాడు.
అంతే వాడి పని.
అది అందకపోతే ఒంట్లో కొవ్వు మండదు.
వాణ్ణి పుట్టించే రాత ఒకే ఒక్క జన్యువు.
అందులో ఒక అక్షరం ఎప్పుడో జారింది,
ఏ పడవలో దిగిందో, ఎవరి ముత్తాత చేతివాటమో.
అమ్మ నుంచీ నాన్న నుంచీ
రెండూ జారినవే దక్కితే
ప్రమిద నిండా చమురుంటుంది,
వత్తి మాత్రం పొడి.

హొగ్నికి పందొమ్మిది.
మూడు రోజుల జ్వరం, తిండి లేదు.
"నిద్రపోనీ" అనుకున్నారు.
పోయాడు.

వాళ్ల నాయనమ్మ సన్నాకు తొంభై ఒకటి.
ఆమెలోనూ రెండూ జారినవేనని
మొన్న కాగితం వచ్చింది. పకపకా నవ్వింది.
ఆమె మూడు పూటలా తినేది
గాలికి ఎండేసిన గొర్రె మాంసం.
కూలీ మోయని సరుకు
కంచంలోంచి కొద్దికొద్దిగా చొరబడుతూనే ఉంది.

హొగ్ని మాత్రం ఆ వసంతంలో
సీసాపాలతో ఒక గొర్రెపిల్లను సాకి
మాంసం మానేశాడు.
వాడికని రన్వా వేరే గిన్నెలో
బంగాళాదుంపలు ఉడికించేది.

ఈ మాట ఎలా చెప్పను?
చెప్పకుండా ఆమె గుమ్మంలో ఎలా నిలబడను?
బహుశా ఆమెకు తెలుసు.
అందుకే తలుపు తీయదేమో.

కారు దగ్గరికి తురీ పరిగెత్తుకొచ్చింది,
హొగ్ని చెల్లెలు, పదిహేనేళ్లది,
అప్పటికే చొక్కా చేయి మడిచి.
"మీ అమ్మ సంతకం కావాలమ్మా."
జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసింది.
వణికిన సంతకం. సిరా ఇంకా ఆరలేదు.

"ఆ మందు వేసుకుంటే
ఒళ్లంతా చేపల కంపటగా?"
"కొందరికి."
"ఈ ఊళ్లో ఎవరు పసిగడతారు!" అంది.

గొట్టం నా అరచేతిలో కాసేపు వెచ్చగా ఉంది.
కిటికీ తెర పక్కన
రన్వా అలాగే నిలబడి ఉంది,
తడిచేతిలో కలం.